మూడు చందమామలు

చిన్నప్పుడు నాకు ఆకాశంలో మూడు చందమామలు కనిపించేవి. ఒకటి అసలుది. దాని కిందుగా, నీళ్ళలో పడిన నీడల్లాగా మరి రెండు. మీరు నవ్వుతారేమో! అందరికీ అలాగే కనిపిస్తాయని నేను చాలాకాలం నమ్మాను. ఒకరి కళ్ళతో మరొకరు చూడలేరు గదా!

మా ఊరు పర్చూరు దగ్గర. పూర్వం ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. జిల్లా మారింది గాని నేల మారలేదు. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప. శివరాత్రి నాటికి కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. దూరం నుంచి చూడటానికి ఎంతో అందం, దగ్గరికి పోతే తుమ్ములు. బడి లేని రోజుల్లో మేము పెద్దవాళ్ళతో కూర్చుని తాలుకాయలు ఏరేవాళ్ళం. ఆ దుమ్ముకూ ఘాటుకూ నా కళ్ళు ఒకటే దురద. పిడికిళ్ళు బిగించి గట్టిగా నులుముకునేవాణ్ణి. అలా నులుముకుంటే ఎంత హాయిగా ఉండేదనుకున్నారు!

1998లో నేను ఎనిమిదో తరగతి. నల్లబల్లమీద అక్షరాలకు తోకలు మొలిచేవి. మా నాన్న కళ్ళజోడు కొనిపెట్టాడు. ఆరు నెలలకు అది పనికిరాకుండా పోతే ఇంకొకటి కొన్నాడు. దానితోనూ తోకలు పోలేదు. ఒకనాడు క్లాసులో ఊసుపోక పిడికిలిని గొట్టంలా చుట్టి, సూది బెజ్జమంత సందులోంచి చూశాను. ఆశ్చర్యం! నల్లబల్లమీద లెక్క స్పష్టంగా కనిపించింది. నేను పిడికిలి కంటికి పెట్టుకునే చదవటం మొదలుపెట్టాను. మాస్టారు అది చూసి, వెక్కిరిస్తున్నాననుకుని, నన్ను బెంచీ ఎక్కించారు. ఆయన తప్పూ లేదులెండి, చూసేవాళ్ళకు అది వెక్కిరింతలాగానే ఉంటుంది.

ఆ వేసవిలో ఒంగోలులో ఒక కంటి డాక్టరుగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, సొరుగులోంచి ఒక నల్లబిళ్ళ తీశారు. దాని నిండా సన్నని చిల్లులు! "నీ పిడికిలీ, నా బిళ్ళా ఒకటేరా అబ్బాయి" అన్నారు. తరవాత గుండ్రని చారలున్న ఒక పలకను నా కంటి ఎదుట పెట్టి, వాటి నీడ నా కంటిమీద ఎలా పడుతున్నదో చూశారు. ఆయన నవ్వు ఆగిపోయింది.

ఏం జరిగిందో మీకు చెబుతాను. గడియారపు అద్దాన్ని పక్కనుంచి చూడండి, మధ్య కొంచెం ఉబ్బుగా ఉంటుంది. మన కంటికి ముందున్న పారదర్శకమైన పొర కూడా అటువంటిదే. దాని పేరు కార్నియా, పాఠాల్లో శుక్లపటలం అంటారు. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. కొందరికి, ముఖ్యంగా పదీ ఇరవై ఏళ్ళ మధ్య, ఈ పొర పలచబడి, ముందుకు పొడుచుకువచ్చి, శంకువు ఆకారంలోకి తిరుగుతుంది. దీన్ని కెరటోకోనస్ అంటారు. గ్రీకు భాషలో కెరాస్ అంటే కొమ్ము, కోనస్ అంటే శంకువు. 1854లో జాన్ నాటింగ్‌హామ్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని గురించి ఒక పుస్తకమే రాశాడు. మామూలు కంటిమీద గుండ్రంగా పడే చారలు ఇటువంటి కంటిమీద ఒక పక్కకు నొక్కుకుపోయి కోడిగుడ్ల లాగా కనిపిస్తాయి. వెలుగు ఒక్కచోట కలవక చెదురుతుంది. అందుకే ఒక చందమామ మూడైనాడు! చిన్న చిల్లులోంచి చూస్తే వెలుగు కార్నియాలో ఒక్క చోటునుంచే లోపలికి పోతుంది గనక బొమ్మ తేటపడుతుంది.

ఈ జబ్బు ఎందుకు వస్తుందో ఒక్క ముక్కలో చెప్పటానికి లేదు. కొన్ని ఇళ్ళలో తరతరాలుగా వస్తుంది. కాని కళ్ళు నులుముకోవటం దీన్ని ముదరబెడుతుందని డాక్టర్లు గట్టిగా చెబుతారు. నా పిడికిళ్ళను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

మామూలు కళ్ళజోడు ఇటువంటి మిట్టపల్లాలను పూర్తిగా సరిచెయ్యలేదు. నాకు గట్టిరకం కాంటాక్టు లెన్సులు ఇచ్చారు. ఒక్కొక్కటి చొక్కాగుండీ అంత. లెన్సుకూ కార్నియాకూ మధ్య సందు కన్నీళ్ళతో నిండుతుంది. వంకర గోడమీద గచ్చు పూసి నునుపు చేసినట్టన్నమాట. కాంటాక్టు లెన్సును 1888లో ఆడాల్ఫ్ ఫిక్ అనే డాక్టరు గాజుతో చేసి, మొదట కుందేళ్ళకు పెట్టి, పిమ్మట తన కంటికే పెట్టుకుని చూశాడు. కెరటోకోనస్ రోగులకు కూడా పెట్టాడు. ఆ కుందేళ్ళ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలే!

లెన్సులు పెట్టుకున్న రాత్రి డాబా ఎక్కి చూశాను. ఒక్కడే చందమామ. మా ఇంటిముందు కరెంటు తీగలు ఆరనుకునేవాణ్ణి, రెండే ఉన్నాయి.

అయితే మిరప పండే ఊళ్ళో లెన్సులతో బతకటం తేలిక కాదు. గాలి లేస్తే సన్నని దుమ్ము లెన్సు కిందికి దూరి, కంట్లో ముల్లు విరిగినంత బాధ. ఒకసారి కల్లంలో పనిచేసి, చేతులు వట్టి నీళ్ళతో కడుక్కుని లెన్సు తియ్యబోయాను. భగ్గుమంది! మిరపలో ఘాటైన పదార్థం కాప్సైసిన్. అది నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. మా అమ్మ కారం దంచాక చేతులకు నూనె రాసుకుని, ఆపైన సబ్బుతో కడుక్కునేది. ఆ తెలివి నాకు లేకపోయింది. గోలెం దగ్గరికి పరుగెత్తి మొహంమీద నీళ్ళు కుమ్మరించుకున్నాను. లెన్సు కాస్తా బురదలో పడింది. అర్ధరాత్రిదాకా నాన్న టార్చిలైటు పట్టుకుని వెతికాడు. దొరకలేదు. దాని ఖరీదు దాదాపు ఒక టిక్కీ మిరపకాయలు. నాన్న నన్ను ఏమీ అనలేదు. మరుసటి వారం గుంటూరు యార్డుకు ఒక టిక్కీ ఎక్కువ వేసుకుపోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. (లెన్సును కుళాయి నీళ్ళతోనూ కడగకూడదు. ఆ నీటిలో ఉండే అమీబా ఒకటి కంటికి చాలా ప్రమాదకరం.)

ఎండ సంగతి ఇంకొకటి. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు చూడబోయి, నేను బొగ్గులాంటి నల్లద్దాలు కొన్నాను. సినిమా హీరోలాగా తిరిగాను గాని, వాటితో నాకు చూపు ఇంకా చెదిరింది! కారణం వినండి. చీకటిలో కనుపాప పెద్దదవుతుంది. నల్లద్దాల వెనకా అంతే. కనుపాప పెద్దదైన కొద్దీ కార్నియాలో వంకరభాగం నుంచి కూడా వెలుగు లోపలికి పోతుంది. ఆ అద్దాలు అతినీలలోహిత కిరణాలను ఆపనివైతే, తెరిచిన తలుపులోంచి దొంగలు దూరినట్టు అవి కూడా లోపలికి పోతాయి. ఆ కిరణాలు ఏళ్ళతరబడి తగిలితే కంట్లో కండ పెరగటానికీ, శుక్లాలకూ కారణమవుతాయి. కనక అద్దం నలుపు చూసి కొనకండి. 400 నానోమీటర్ల వరకూ కిరణాలను ఆపుతుందా అని అడగండి. కొన్ని దుకాణాల్లో దాన్ని కొలిచే పరికరం ఉంటుంది. నేనిప్పుడు మధ్యరకం గోధుమరంగు అద్దాలు పెట్టుకుంటాను. కణతలదాకా వంగి ఉంటాయి గనక దుమ్మూ రాదు.

2008లో నా కుడికన్ను మరింత ముదిరింది. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు వెళ్ళాను. "మిస్సమ్మ" సినిమా తీసిన ప్రసాద్‌గారి పేరే అది. అక్కడ క్రాస్‌లింకింగ్ అనే చికిత్స చేశారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టిన పద్ధతి అది. అరగంటసేపు కంట్లో రిబోఫ్లేవిన్, అంటే బి2 విటమిను చుక్కలు వేసి, మరో అరగంట అతినీలలోహిత కాంతి పడనిచ్చారు. వదులైన నులకమంచం బిగించినట్టు, కార్నియాలో పోగుల మధ్య కొత్త ముడులు పడతాయి. వంకర పోదు, పెరగటం ఆగుతుంది. ఆ కిరణాలు చెడ్డవన్నావు గదా అని మీరు అడగవచ్చు. అడగవలసిందే! అక్కడ కాంతిని కొలిచి వేస్తారు, లోపలికి పోకుండా మందు అడ్డుపడుతుంది. సూర్యుడికి ఆ కొలతలు తెలియవు.

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కూతురు వచ్చింది. దానికి పదేళ్ళు. అరుగుమీద కూచుని రెండు పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటున్నది. నాకు గుండె ఆగినంత పనైంది. విజయవాడ దగ్గర తాడిగడపలో అదే సంస్థవారి ఆస్పత్రి 2011 నుంచి ఉంది. మర్నాడే తీసుకుపోయాం. ఇప్పుడు చారల పలక బదులు యంత్రం కార్నియాకు రంగుల పటం గీస్తుంది. పటం వచ్చేదాకా నేను కుర్చీలో కూచోలేదు. ప్రస్తుతానికి వంపు సరిగానే ఉందనీ, దురదకు చుక్కలు వెయ్యమనీ, ఆరు నెలలకు మళ్ళీ తీసుకురమ్మనీ చెప్పారు.

ఆ రాత్రి డాబామీద దాన్ని అడిగాను: "ఎన్ని చందమామలే?"

"ఒకటే గదా మామయ్యా! నీకేం, లెక్కలు రావా?" అన్నది. అంటూనే దాని చెయ్యి కంటివైపు లేచింది. నేను చూస్తున్నానని గమనించి, ఆ చేత్తో జడ సవరించుకున్నది.