తెరచాప మరిచిన తీరం

పత్తి చేలు, మిర్చి కల్లాలు అనగానే గుంటూరు, ప్రకాశం గుర్తొస్తాయి. ఆ చేల చివరే సముద్రముంది. ఒకప్పుడు దాని మీదా, దాని పక్కనే పారే కాలవ మీదా తెరచాపలే తెరచాపలు! ఇప్పుడవి ఏమయ్యాయి? వాడరేవు నుంచి పెదగంజాం దాకా వెతుక్కుంటూ వెళ్లొస్తే...

తెల్లవారుజామున అయిదింటికే వాడరేవు ఒడ్డున సందడి. ఫైబరు పడవలు ఒక్కొక్కటే ఇసుక మీదికొస్తున్నాయి. ఇంజన్ల చప్పుడు, డీజిలు వాసన, బుట్టలతో ఎదురుచూసే ఆడవాళ్ల కేకలు... చీరాల నుంచి ఆటోలో పది, పదిహేను నిమిషాలు వస్తే చాలు, ఈ లోకంలోకి వచ్చి పడతాం. వాడ అంటే ఓడే. ఓడలు ఆగిన రేవు కాబట్టి వాడరేవు. కానీ కనుచూపు మేరలో ఒక్క తెరచాప లేదు.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చుని అదే అడిగితే నవ్వాడు.

''ఇంజనుండగా చాపెందుకు అబ్బాయా? మా నాయన కాలంలో చాపే ఇంజను. తెల్లారగట్ల నేల మీది గాలి పట్టుకుని లోపలికి పోయేవోళ్లు. మజ్జాన్నం సముద్రం గాలి మళ్లీ ఒడ్డుకి తెచ్చేది. డీజిలు లేదు, దానికోసం అప్పూ లేదు.''

''మరి మీకు చాప ఎత్తడం వచ్చా తాతా?''

''వచ్చు. నా కొడుక్కి రాదు.''

ఆ రెండు మాటలూ రోజంతా వెంటాడాయి.

పడవే ఇల్లు!

ప్రపంచంలో చాలాచోట్ల తెరచాప పడవ ఎక్కడం ఇప్పుడొక సరదా. మధ్యధరా సముద్రంలో, కరీబియన్ దీవుల మధ్య, థాయ్‌లాండ్ తీరంలో నెలల తరబడి పడవ మీదే కాపురముండేవాళ్లున్నారు. ఉద్యోగాల నుంచి రిటైరైన దంపతులు, పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరిన కుటుంబాలు... ముప్ఫై, నలభై అడుగుల పడవలోనే వంటిల్లు, పడకలు, పుస్తకాల అర. పడవ ఎంత ఒరిగినా గిన్నె ఒలికిపోకుండా పొయ్యి కూడా దానితోపాటు ఊగేలా అమర్చుకుంటారు. మంచినీళ్లు చెంబు లెక్కన వాడతారు. దీపాలకు, రేడియోకు కరెంటు సౌరఫలకాలు ఇస్తాయి. రాత్రిపూట ప్రయాణమైతే వంతులేసుకుని కాపలా ఉంటారు. ఒకరు నిద్రపోతే ఇంకొకరు చుక్కాని దగ్గర.

గాలి వెనక నుంచి వీస్తే పడవ ముందుకెళ్లడంలో వింతేం లేదు. ఎదురుగాలిలోనూ వెళ్లడమే అసలు విద్య. ఎటు నుంచి గాలి వస్తోందో సరిగ్గా అటే పోవడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. అందుకే కాస్త కుడికి, తర్వాత కాస్త ఎడమకు, మెలికలు తిరుగుతూ సాగుతారు. చాప మీదుగా వంపు తిరిగి పోయే గాలి పడవను పక్కకు లాగుతుంది. అడుగున నీళ్లలోకి దిగి ఉండే బల్ల పక్కకు పోనివ్వదు. ఇక మిగిలిన దారి ముందుకే! నాలుగు కిలోమీటర్ల దూరానికి ఆరేడు కిలోమీటర్లు తిరగాల్సి వస్తుంది కానీ, చేరడం మాత్రం ఖాయం.

ఇదంతా ఎక్కడో విదేశాల ముచ్చట అనుకుంటున్నారా? అయితే చీరాల దాటి దక్షిణంగా, వేటపాలెం మీదుగా మోటుపల్లి వెళ్లాలి.

రాజుగారి అభయం

చినగంజాం మండలంలో ఓ చిన్న పల్లె మోటుపల్లి. 2022లో జిల్లాల్ని విడదీశాక ఇది ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి వీరభద్రస్వామి గుడిలోనే ఉంది కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా ఆ నేలనేలే రాజుదే... అప్పటి ఆచారం అది. సర్వం పోగొట్టుకుని ఒడ్డున పడిన వర్తకుడి దగ్గర మిగిలింది కూడా లాక్కోవడం అన్నమాట! గణపతిదేవుడు దాన్ని మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఓడ వర్తకుల నుంచి మరేమీ తీసుకోబోమని రాయి మీద చెక్కించి మాటిచ్చాడు. రాజులు మారాక 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా ఇక్కడ వర్తకులకు అలాంటి హామీయే ఇచ్చాడు.

13వ శతాబ్దం చివర్లో ఈ రేవు గురించి రాసిన మార్కోపోలో దీన్ని 'ముత్‌ఫిలి' అన్నాడు. ఇక్కడి నూలు బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. పత్తి నేలకీ సముద్రానికీ ఉన్న చుట్టరికం అది. ఇక్కడి బట్ట ఓడెక్కి దేశాలు తిరిగింది. చీరాల నేతగాళ్ల తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు తలపాగాలుగా వెళ్లాయి. ఆ బట్టను మోసిన ఓడల్ని నడిపించిందీ బట్టే కదా!

ఉత్తరంగా నిజాంపట్నం వెళ్తే మరో కథ. పాత రాతల్లో పేటపోలి అని కనిపించే రేవు ఇదే. డచ్చివాళ్లు 1606లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో 'గ్లోబ్' అనే ఇంగ్లిషు ఓడ దాదాపు ఆరు నెలలు గాలి మీదే ప్రయాణించి ఈ తీరానికి చేరింది. ఇప్పుడక్కడ చేపల రేవుంది. బారులు తీరిన మరపడవలున్నాయి.

కాలవ మీద కాపురం

సముద్రం సంగతి సరే, మన ఇళ్లకు దగ్గరగా తెరచాప మీద బతికినవాళ్లు కాలవ మీద ఉండేవారు. పెదగంజాం దగ్గర నిలబడితే రెండు కాలవలు కలిసే చోటు కనిపిస్తుంది. ఉత్తరం నుంచి వచ్చేది కొమ్మమూరు కాలవ. కృష్ణా నీళ్లతో 113 కిలోమీటర్లు నడిచి ఇక్కడికొస్తుంది. దక్షిణంగా పోయేది బకింగ్‌హామ్ కాలవ. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ తవ్వకం దశలవారీగా సాగింది. 1876-78 నాటి ఘోర కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికే పనిగా కూడా మారింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే దానికి మిగిలిపోయింది. ఒకప్పుడు ఈ కాలవలన్నీ కలిసి కాకినాడ నుంచి పుదుచ్చేరి దాపుల దాకా సముద్రంలోకి దిగకుండానే పడవ మీద వెళ్లే వీలుండేది!

గట్టు మీద రావిచెట్టు కింద ఎనభై దాటిన తాత ఒకాయన కనిపించాడు. చిన్నతనంలో తండ్రి వెంట పడవలో తిరిగాడట.

''ఉప్పు బస్తాలు, ధాన్యం, కట్టెలు... ఏదుంటే అది ఏసుకుని పోయేవాళ్లం. గాలుంటే చాప, లేకుంటే గడ. అదీ సాగకపోతే తాడు భుజానేసుకుని గట్టెంట నడిచి లాగడమే. లాకుల కాడ వరస రావాలంటే ఒక్కోసారి రాత్రంతా ఆగాల. అక్కడే పొయ్యెలిగించి బువ్వ వండుకునేది. ఇటు దక్షిణం కాలవలోవి ఉప్పునీళ్లు. మంచినీళ్లు కుండల్లో పెట్టుకోవాల.''

మధ్యధరాలో పడవ కాపురమున్నవాళ్లు చెప్పే ముచ్చట్లకూ, ఈ తాత చెప్పినదానికీ పెద్ద తేడా లేదు. అదే గాలి లెక్క, అదే నీళ్ల పొదుపు, అదే వంతు నిద్ర. కాకపోతే వాళ్లది సరదా, ఈయనది కూటికోసం. ''ఆ రోజులు బాగుండేవా తాతా?'' అనడిగితే కాసేపు మాట్లాడలేదు. ''భుజం కాయలు కాసేది అబ్బాయా. కానీ చాప నిండా గాలి పట్టినప్పుడు... ఆ సుఖం వేరు'' అన్నాడు.

భయం గెలిచింది

రైలు, లారీ వచ్చాక కాలవ వెనకబడింది. 1965, 66 తుపాన్లు దాన్ని బాగా దెబ్బతీశాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సముద్రమంటే వణుకు పుట్టించింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ రోజు పెదగంజాం నుంచి చెన్నై వైపు చాలాచోట్ల ఎగసివచ్చిన నీటిని ఈ పాత కాలవే తనలోకి తీసుకుని లోపలి ఊళ్లకు అడ్డు నిలిచింది. మనం మరిచిపోయినా అది మనల్ని మరవలేదు!

2017 నవంబరు 12 సంగతి ఒంగోలు వాళ్లెవరూ మర్చిపోలేరు. కార్తీక మాసంలో సరదాగా కృష్ణానది మీద విహారానికి వెళ్లిన పడవ సంగమం దగ్గర తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. ఆదివారమొస్తే సూర్యలంక, వాడరేవుల్లో వేలమంది అలల్లోకి దిగుతారు. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు వినపడుతూనే ఉంటుంది. నీళ్లంటే అయితే భయం, లేదంటే ఆట. ఈ రెంటి మధ్య ఉండాల్సిన చదువు మన దగ్గర తెగిపోయింది.

తెరచాప నేర్పేది ఆ చదువే. పడవెక్కేముందు లైఫ్‌జాకెట్ బిగించుకోవడం, మబ్బును చూసి గాలి మార్పు పసిగట్టడం, ఎంతమంది ఎక్కితే పడవ తట్టుకుంటుందో తెలుసుకోవడం, వద్దనుకున్న రోజున బయల్దేరకపోవడం... ఇవన్నీ తెలిసిన ఇంట్లో పిల్లలు నీటిని చూసే తీరే వేరుగా ఉంటుంది.

సముద్రం లేని ఊళ్లో...

చిత్రమేమిటంటే, తెలుగువాళ్లలో ఈ విద్య బాగా నడుస్తున్నది సముద్రమే లేని హైదరాబాద్‌లో! హుస్సేన్‌సాగర్ మీద సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఏళ్లుగా పోటీలు నిర్వహిస్తోంది. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకూ తెరచాప పట్టడం నేర్పుతోంది.

ఇంకో ఇద్దరి సంగతీ చెప్పుకోవాలి. విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఇద్దరూ నౌకాదళ అధికారిణులు. 2017 సెప్టెంబరు 10న మరో నలుగురు మహిళా అధికారులతో కలిసి 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరారు. దాని పొడవు 55 అడుగులు... ఆర్టీసీ బస్సుకు దాదాపు ఒకటిన్నర రెట్లు. అందులోనే ఆరుగురి వంట, పడక, కాపలా. దక్షిణ అమెరికా కొసన కేప్‌హార్న్ దగ్గరి భీకర సముద్రాన్నీ దాటారు. చివర్లో చుక్కాని మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. 254 రోజుల తర్వాత 2018 మే 21న, 21,600 నాటికల్ మైళ్లు తిరిగి గోవా చేరారు. భూగోళమంతా చుట్టొచ్చిన ఆరుగురిలో ఇద్దరు తెలుగమ్మాయిలు!

నెమ్మది నీళ్లలో తొలి పాఠం

మన తీరంలో రేపే విహార నౌకలు వాలిపోతాయని కాదు. ఇది అలలు నేరుగా వచ్చి కొట్టే తీరం. లోతు తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల బెడద. పిల్లలకు తొలి పాఠం చెప్పాల్సింది సముద్రంలో కాదు, కాలవలో. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలవల్ని కేంద్రం నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. సరుకు పడవల మాట ఎలా ఉన్నా, నెమ్మదిగా ఉండే నీళ్లలో చిన్న చిన్న తెరచాప పడవలు తిరగడానికి కాస్త పూడిక తీసిన జాగా చాలు.

ఈ తీరం చూడాలంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. విజయవాడ-చెన్నై రైలు మార్గంలో బాపట్లలో దిగితే సూర్యలంక, చీరాలలో దిగితే వాడరేవు దగ్గర. మోటుపల్లి, పెదగంజాం అక్కడి నుంచి దక్షిణంగా ఉంటాయి. పిల్లల్ని తీసుకెళ్లండి. అలలు చూపించాక శాసనమూ చూపించండి. తర్వాత కాలవ గట్టుకు తీసుకెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు ఆ తాత కాలవ వైపు చెయ్యి చాపి, వేళ్లు విప్పి, గాలి ఎటు వీస్తోందో చూపించాడు. ''ఇయ్యాల చాప ఎత్తితే పొద్దుగూకేలోపు చానా దూరం పోవచ్చు'' అన్నాడు. కాలవలో గుర్రపుడెక్క తప్ప మరేమీ లేదు. అడిగితే నేర్పడానికి ఆయన ఇంకా ఉన్నాడు.