టోకెనూ – ప్రమాణమూ

నేనెన్నడూ అబద్ధమాడలేదని చెప్పుకునే ధైర్యం నాకు లేదు. అందునా మాది చిత్తూరు. పట్టుమని పన్నెండు కిలోమీటర్లు లేని కాణిపాకంలో వరసిద్ధి వినాయకస్వామి కొలువై వుండగా అటువంటి మాట అనడం క్షేమం కాదు గూడాను.

కాణిపాకం సంగతి మీకు తెలిసే వుంటుంది. స్వామి బావిలో వెలిసిన దేవుడు, సత్యప్రమాణాల దేవుడు. అప్పు పుచ్చుకున్నవాడు పుచ్చుకోలేదన్నా, గట్టు జరిపినవాడు జరపలేదన్నా, మావైపు పెద్దలు ఒకటే మాట అంటారు: “కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?” చాలా తగవులు బస్సెక్కక ముందే తీరిపోతాయి.

ఇక నా అబద్ధం చిత్తగించండి.

మొన్న మార్గశిరంలో మా అమ్మను కచేరీకి చెన్నపట్నం తీసుకువెళ్లాను. రేడియోలో విన్న గొంతును ఎదురుగా కూర్చుని వినాలని ఆమెకు ఏళ్లనాటి కోరిక. తీరా చూస్తే టికెట్లు అయిపోయినాయి. ఫోనులో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తన దగ్గర రెండున్నాయన్నాడు. వెలకు రెండింతలు పంపించాను. ద్వారం దగ్గర కుర్రవాడు నా ఫోనులోని గళ్లబొమ్మకు యంత్రం చూపించి, “ఈ టికెట్ల మీద ఇద్దరు ముందే లోపలికి వెళ్లారు సార్” అన్నాడు. ఆ మహానుభావుడు ఒకే టికెట్టును ఎందరికి అమ్ముకున్నాడో!

అమ్మ అవతల మెట్టు మీద కూర్చుని వుంది, కొత్త పట్టుచీర నలగకుండా సర్దుకుంటూ. ఎం.ఏ. చదివి, ఇరవయ్యేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న కొడుకు ఇంత తేలిగ్గా మోసపోయాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. “కచేరీ ఆగిపోయిందటమ్మా. ఆయనకు గొంతు బాగాలేదట” అన్నాను.

అమ్మ నా మొహం వంక ఒక్క క్షణం చూసి, “అట్లనా నాయనా, పాపం” అని లేచింది.

నెల తిరక్కుండానే, “కాణిపాకం పోయొద్దాం రా” అన్నది. నా గుండె గుభేలుమంది. మా అక్క కొడుకు కూడా బయలుదేరాడు. బెంగుళూరులో కంప్యూటర్ల ఉద్యోగం వాడిది. బస్సులో అమ్మ కునుకు తీస్తున్నదని చూసుకుని, వాడి చెవిలో నా భాగోతం వూదాను.

“దీనికి మందుంది మామా, బ్లాక్‌చెయిన్” అన్నాడు వాడు.

నాకర్థమైనంతలో చెబుతాను. పూర్వం వూరి లెక్కలన్నీ కరణంగారి దస్తరంలో వుండేవి. ఆ కరణీకాలు 1984లో పోయినాయనుకోండి. ఆయన రాత్రికి రాత్రే ఒక అంకె దిద్దితే అడిగే నాథుడు లేడు. అదే పద్దు వూళ్లో ఇంటింటా ఒక్కొక్క ప్రతి వుండి, ప్రతి పుటలోనూ వెనక పుట గుర్తు ముడిపడి వుంటే? ఒకచోట దిద్దినా గొలుసు తెగుతుంది, దొంగ దొరుకుతాడు. ఆ పద్దులో ‘ఫలానా కుర్చీ ఫలానావారిది’ అన్న పంక్తే టోకెను. చేతులు మారితే అందరి పద్దుల్లోనూ మారుతుంది. కనుక ఒకే కుర్చీని ఇద్దరికి అమ్మడం కుదరదు. ఇంత వెలకు మించి తిరిగి అమ్మరాదని షరతు కూడా రాసిపెట్టవచ్చునట. 2018లో ఐరోపా ఫుట్‌బాల్ సంఘంవారు టాలిన్ నగరంలో జరిగిన సూపర్ కప్ ఆటకు సామాన్య ప్రేక్షకుల టికెట్లన్నీ ఈ పద్ధతిలోనే ఫోన్లకు పంపించారు. ద్వారం దరికి వస్తేగాని ఆ టికెట్టు మేలుకోదు. నకలు తీసి ఏం లాభం?

“టోకెనంటే తిరపతిలో ఇస్తారే, అదేనా అబ్బీ?” అన్నది అమ్మ, కళ్లు తెరవకుండానే.

మేమిద్దరం మాట్లాడలేదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ జనాన్ని నడిపించడం ముఖ్యం గాని, దొంగ టికెట్టు సమస్య కాదు గదా.

“ఇది చేత్తో పట్టుకునేది కాదులే అవ్వా, పద్దులో వుంటుంది. ఎవురూ మార్చలేరు” అన్నాడు మా వాడు.

“మార్చలేకపోతే సరేరా. మొదటే అబద్ధం రాస్తే?”

వాడు తెల్లమొహం వేశాడు. నాకు 2023 సెప్టెంబరులో చెన్నపట్నంలో జరిగిన రెహమాన్ కచేరీ జ్ఞాపకం వచ్చింది. టికెట్లు కొన్నవాళ్లే లోపలికి పోలేక వెనుదిరిగారు. పట్టే జనం కంటే ఎక్కువ మందికి టికెట్లు అమ్మితే, గొలుసు పద్దు ఆ లెక్కను కూడా పదిలంగానే దాచిపెడుతుంది! పద్దు కాపలా కాస్తుంది గాని, కుర్చీలు వేయదు.

బస్సు దిగాక అమ్మ బాహుదా వైపు చెయ్యి చూపించింది. అడక్కుండా పండు కోసినందుకు రాజుగారు చేతులు నరికిస్తే, ఈ యేట్లో మునగగానే తిరిగి వచ్చినాయట. బాహువులిచ్చింది గనుక బాహుద. “ఆ పండు కోసినోడి పేరేంది నాయనా?” అన్నది నాతో.

“లిఖితుడు.”

“అంటే?”

“రాయబడినవాడు” అన్నాను. తెలుగు పంతులుకు ఆమె పెట్టిన పరీక్ష అది!

గుళ్లో హారతి అయింది. ఇక ఆగలేకపోయాను. “అమ్మా, ఆనాడు కచేరీ ఆగలేదు. నేను కొన్న టికెట్లు దొంగవి” అన్నాను.

“తెలుసులేరా. నువ్వు చెప్తా వుంటే లోపల తంబూరా వినబడతానే వుండె. మోసం చేసినోడికి లేని సిగ్గు నీకెందుకని బాధపడినా, అంతే.”

మా మేనల్లుడు వూరుకోడు గదా. “మామ చేత ఇంకెప్పుడూ అబద్ధమాడనని ప్రమాణం చేయించవా అవ్వా?” అన్నాడు.

“తనంతట తానే చెప్పినాడు గదరా. ఇంక సాక్షులెందుకు?” అన్నది అమ్మ, ప్రసాదం మా ఇద్దరికీ పంచిపెడుతూ.

ఆ గొలుసు పద్దు రావలసిందే. ఒకరినొకరు ఎరగనివాళ్లు బేరాలాడుకునే ఈ రోజుల్లో అది ఎంతో మేలు. ఎరిగినవాళ్ల మధ్య మాత్రం మాట నోటితో చెప్పుకోవలసిందే. వచ్చే మార్గశిరానికి నెల ముందే టికెట్లు కొంటానని అమ్మకు చెప్పాను. ప్రమాణం చేయలేదు, మాట ఇచ్చాను.