సవుడు మన్ను, సున్నపు వెల్ల

కర్నూలు జిల్లా ఆలూరులో ఒక ఇల్లు ఎలాంటిదో తెలియాలంటే మే నెలలో రాత్రి తొమ్మిదింటికి లోపలికి పోయి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడాలి. కొత్త ఇళ్లలో ఆ గోడ ఇంకా కాగుతూనే ఉంటుంది. పైన స్లాబు అంతకంటే వేడి. నాలుగైదు అంగుళాల కాంక్రీటును దాటి రావడానికి ఎండకు మూడు నాలుగు గంటలు చాలు. మధ్యాహ్నం మీద పడిన వేడి సాయంత్రానికి ఇంట్లోకి దిగి, మనం పడుకునే వేళ దాకా పోదు. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే మొహానికి కొడుతుంది. ముసలివాళ్లూ చంటిపిల్లలూ ఉన్న ఇంట్లో ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

మట్టిమిద్దెలు కట్టిన మా పెద్దలకు ఈ లెక్క బాగా తెలుసు. ఆలూరు, ఆస్పరి, హొళగుంద పల్లెల్లో అవి ఇంకా అక్కడక్కడా నిలిచున్నాయి. రాయీ బురదా కలిపి లేపిన గోడ రెండడుగుల మందం. ఎండ దాన్ని దాటి లోపలికి రావాలంటే పది గంటలకు పైనే పడుతుంది. ఆలోపు పొద్దు కూకి, బయట చల్లబడుతుంది. గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన సన్నకట్టెలు, ఆకుకంప, తొక్కిన మట్టి. అన్నిటికీ మీద సవుడు మన్ను. వెలుతురుకు నడుమ ఒక గవాచి.

ఆ సవుడు మన్ను గురించి ఎంత చెప్పినా తక్కువే. పొలంలో తెల్లగా పొంగి పైరును చంపే మట్టి అది. అందులోని సోడియం ఉప్పుల వల్ల తడి తగలగానే బంకరేణువులు విడివిడిగా చెదిరి, ఉబ్బి, సందులన్నీ మూసేస్తాయి. నీళ్లు కిందికి దిగే దారి ఉండదు. పంటకు శత్రువైన ఆ గుణమే పైకప్పుకు కాపలా. వానలకు ముందు ఏటేటా కొత్త సవుడు తోలుకొచ్చి పరచాలి. ఆ చాకిరీ చేసే మనుషులు వలస పోవడం మొదలయ్యాక మిద్దెలు కురవడం మొదలైంది. రోజుల తరబడి ముసురు పడితే నానిన గోడలు కూలి మనుషులు పోయిన ఇళ్లూ ఉన్నాయి. అందుకే మళ్లీ అందరూ మట్టిమిద్దెలే కట్టుకోవాలని నేను అనను. పల్లెల్లో ప్రభుత్వం పంచిన సెంటున్నర స్థలంలో రెండడుగుల గోడ లేపితే ఉండడానికి చోటెక్కడ?

లోపలి గోడల సంగతి వేరు. అక్కడ మనం కారణం లేకుండా ఒక మంచి వస్తువును వదులుకున్నాం. కర్నూలు, కడప సీమల నేల కింద సున్నపురాయికి లోటు లేదు. బేతంచెర్లలో, కొలిమిగుండ్లలో అది పలకలుగా లేచి మన ఇళ్లలో నాపబండ అవుతుంది. బంకమట్టితో కలిపి 1,450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటుకు మూలసరుకు. 900 డిగ్రీల చుట్టూ కాలిస్తే సున్నం. ఆ సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, వడగట్టి, కాస్త బంక, చిటికెడు నీలిమందు కలిపి గోడకు కొడితే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. ఘాటైన క్షారం కనుక బూజు పట్టనివ్వదు. మన పొడిగాలిలో ఆ పని సాగాలంటే గోడను ముందుగా తడపాలి, పలచగా రెండు మూడు పూతలు వేయాలి. పండగ ముందు వెల్ల వేసి, అడుగున ఎర్రమన్ను పట్టీ దిద్దిన గోడ అందం నాకు ఏ ప్లాస్టిక్ పెయింటులోనూ కనబడలేదు.

ఇంకో కష్టం ఉంది. పాత రాతిగోడ ముచ్చటగా ఉండాలని దాని మీద సిమెంటు పూత, పుట్టీ, మెరిసే రంగు వేయిస్తున్నారు. నేలలోంచి గోడలోకి ఎక్కిన చెమ్మ బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. కొన్నేళ్లకు పూత పెళ్లలుగా ఊడి, వెనకున్న మట్టిని కూడా లాక్కుని పడుతుంది. అలాంటి గోడకు సున్నపు గారే సరి. అది చెమ్మను పోనిస్తుంది.

స్లాబు ఇంటికీ సున్నం పనికొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే పైకప్పులు పెంచడం దాని ఉద్దేశం. ఆలూరులో అందుకు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మిద్దె ఊడ్చి, కడిగి, చిక్కటి సున్నం రెండు పూతలు కొడితే లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. వానకు కరిగిపోతుంది కాబట్టి ఏటా చేయాల్సిందే. సవుడు పరిచినవాళ్ల మనవలకు ఏడాదికో పూట పెద్ద శ్రమేమీ కాదు.

ఈ ఏడు ఇల్లు కట్టుకునేవాళ్లకు నా మనవి ఒక్కటే. హాల్లో పీఓపీ సీలింగుకూ గోడల మెరుపుకూ దాచిన డబ్బులో కొంత తీసి ముందు పైకప్పు మీద పెట్టండి. స్థలముంటే పడమటి గోడనైనా మందంగా కట్టించండి. శివరాత్రి దాటగానే మిద్దె మీద సున్నం కొట్టించండి.