కాటా మీద కనిపించని కండ

డయాలసిస్ కేంద్రంలో అడుగు పెట్టగానే మనిషిని ముందు కాటా ఎక్కిస్తారు. 4 గంటల తర్వాత మంచం దిగాక మళ్లీ ఎక్కిస్తారు. ఈ రెండు తూకాల మధ్య తేడాయే ఒంట్లోంచి తీసిన నీరు. అందుకే రోగికైనా ఇంటివాళ్లకైనా కిలోల లెక్క నోటికి వచ్చేస్తుంది. కానీ ఆ కిలోల్లో కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత అన్నది కాటా విడదీసి చెప్పదు. మనిషి బతుకు ఆ మూడింటి లెక్క మీదే నడుస్తుందని మా ఇంట్లో చూసి తెలుసుకున్నాం. మన పిల్లలకూ తోటి పంతుళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాం.

మేము మందస కొండల సవరలం. కొండ దిగితే ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మా మందస. కొబ్బరి, జీడి తోటల పచ్చటి నేల. ఆ పచ్చదనం కిందే కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. షుగరు, బీపీ లేని కూలివాళ్లకు కూడా వస్తోంది. నీళ్లను పరీక్షించారు, మట్టిని పరీక్షించారు, ఎండలో చేసే చాకిరీని అనుమానించారు. కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ చేయించుకునేవారికి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. కొండ మీద నుంచి జీడితోటల కూలికి దిగే మనవాళ్లకు ఈ జబ్బు పరాయిది కాదు.

మా పెదనాన్న అలా దిగినవాడే. జబ్బు బయటపడేనాటికి 58 కిలోలు. వారానికి 3 సార్లు డయాలసిస్ అన్నారు. కొన్నాళ్లకు ఆయనకు 52 కిలోలు అని ఒక అంకె రాశారు. దాన్ని డ్రై వెయిట్ అంటారు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి తూగే బరువు అది. ప్రతిసారీ ఆ అంకె వచ్చేదాకా నీరు తీస్తారు. రెండేళ్లు 52 దగ్గరే ఉన్నాడు. బరువు తగ్గలేదని ఇంటిల్లిపాదీ సంతోషించాం.

కానీ కాళ్ల పిక్కలు కర్రల్లా అయ్యాయి. జబ్బ మీద తోలు వేలాడింది. మొహం మాత్రం ఉబ్బి నిండుగా కనిపించేది. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి గోడకు చేరగిలబడి కూర్చునేవాడు. "కాటా అబద్ధం చెబుతోంది. నేను సగమైపోయాను" అని సవరలో అనేవాడు. కేంద్రానికి కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ ఆయన జబ్బ పట్టి చూసింది, పిక్క నొక్కి చూసింది. "పెద్దాయన చెప్పిందే నిజం. నాలుగు కిలోల కండ పోయింది, ఆ చోటులోకి నాలుగు కిలోల నీరు చేరింది. అందుకే అంకె మారలేదు" అంది. కొన్ని వారాల పాటు అరకిలో చొప్పున తగ్గిస్తూ డ్రై వెయిట్‌ను 48కి దించింది. పెదనాన్నకు నిద్ర పట్టింది.

ఇంతకీ కండ ఎందుకు పోతుంది? డయాలసిస్ యంత్రం మలినాలతోపాటు మాంసకృత్తుల ముక్కలైన అమైనో ఆమ్లాలను కూడా ప్రతిసారీ కొన్ని గ్రాములు లాగేస్తుంది. కిడ్నీలు పనిచేయనప్పుడు రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. అది కండను కరిగిస్తుంది. ఒంట్లో ఎప్పుడూ లోలోపల వాపు గుణం ఉంటుంది, నోరు రుచి తప్పుతుంది, ఆకలి చస్తుంది. వీటికి తోడు మన కొండ బతుకు. తెల్లారకుండా చద్దన్నం కూడా తినకుండా ఆటో ఎక్కాలి, బస్సు మారాలి. 4 గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. ఇల్లు చేరేసరికి చీకటి. వారంలో 3 రోజులు సగం పస్తే. మిగతా రోజులు నీరసంతో మంచం. వాడని కండ ఒంట్లో నిలవదు. ఇలా కండా ఒంటి నిల్వలూ కరిగిపోవడానికి 2008లో ప్రపంచ కిడ్నీ పోషకాహార నిపుణులు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి, గుర్తించే పద్ధతులు రాశారు. అంటే ఇది ముసలితనం కాదు, తలరాత కాదు. గుర్తించాల్సిన జబ్బు.

ఇక్కడ ఒక వింత ఉంది. మామూలు జనంలో లావు ఎక్కువైతే గుండెజబ్బు భయం. డయాలసిస్ వాళ్లలో లెక్క తిరగబడింది. 1999లో అమెరికాలో 1,346 మంది డయాలసిస్ రోగుల మీద చేసిన అధ్యయనంలో బరువైనవాళ్లే ఎక్కువగా బతికారు. అయితే లావెక్కితే చాలా? చాలదు. 2003లో అక్కడే 70,028 మంది లెక్కలు తీశారు. మూత్రంలోని క్రియాటినిన్‌ను బట్టి కండ ఎంతుందో అంచనా వేశారు. బరువూ ఉండి కండా ఉన్నవాళ్లకు మేలు కనిపించింది. బరువుండి కండ తక్కువైనవాళ్లకు ఆ రక్షణ దొరకలేదు. కొవ్వు కొంత నిల్వగా పనికొస్తుంది, కానీ మనిషిని లేపి నిలబెట్టేది కండే. మన కొండవాళ్లవి మొదటి నుంచీ సన్నటి ఒళ్లు. పోగొట్టుకోవడానికి మన దగ్గర నిల్వ లేదు. అందుకే మనకు ఈ సంగతి మరీ ముఖ్యం.

ఇంకో తిరకాసు క్రియాటినిన్. ఉద్దానంలో చదువురాని ముసలమ్మకు కూడా ఈ మాట తెలుసు. అది తగ్గిందంటే ఇంట్లో పండగ. డయాలసిస్‌కు ముందు ఆ సంతోషం సరైనదే కావచ్చు. కానీ క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. డయాలసిస్ మీద ఉన్న మనిషికి సూదులు అలాగే సాగుతుండగా నెలనెలా ఆ అంకె పడిపోతుంటే, కండ కరుగుతోందేమో అని అనుమానించాలి. 1990లోనే అమెరికాలో 12,000 మందికి పైగా రోగుల లెక్కలు చూసినవారు ఈ సంగతి రాశారు. రక్తంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ తక్కువగా ఉన్నవారికే చావు ముప్పు ఎక్కువని తేల్చారు.

ఇక తిండి. మన ఊళ్లలో జబ్బు అంటే పథ్యం. పప్పు మాను, గుడ్డు మాను, గంజి తాగు. కిడ్నీ పాడవడం మొదలైనప్పుడు డాక్టర్లు మాంసకృత్తులు తగ్గించమంటారు. కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాములు. డయాలసిస్ మొదలయ్యాక ఆ మాట తిరగబడుతుంది. కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాములు. మాట మారిందని పెదనాన్నకు ఎవరూ చెప్పలేదు. కందికొత్తల పండుగ వెళ్లి ఇంటి నిండా కొత్త కందులుంటే, ఆయన రెండేళ్లు పప్పు ముట్టలేదు. పాత పథ్యమే పట్టుకున్నాడు.

డాక్టరమ్మ చెప్పాక లెక్క వేసుకున్నాం. 400 గ్రాముల బియ్యం అన్నంలో సుమారు 28 గ్రాములు. 50 గ్రాముల కందిపప్పులో 11. రెండు గుడ్లలో 12. మొత్తం 51. కోటా బియ్యం, పొలం కంది, పెరటి కోడి. కొనాల్సింది పెద్దగా లేదు. తెల్లసొన మరీ మేలు, దానిలో భాస్వరం చాలా తక్కువ. చెరువు చేప తినవచ్చు. ఎండుచేప మాత్రం ఉప్పు ముద్ద. ఉప్పు దాహాన్ని తెస్తుంది, దాహం నీటిని తెస్తుంది. చోడి అంబలి తాగినా, జీలుగు కల్లు తాగినా అదీ నీటి లెక్కలోకే వస్తుంది. కూరగాయలు, దుంపలు ముక్కలు కోసి ఉడికించి ఆ నీళ్లు వార్చేస్తే పొటాషియం తగ్గుతుంది. ఎవరికి ఎంత అన్నది రక్త పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. మా ఇంటి లెక్క మరొకరికి మందు చీటీ కాదు.

పెదనాన్న తినడం మొదలుపెట్టాడు. ముందు గుమ్మం దాకా, తర్వాత వీధి చివర చింతచెట్టు దాకా నడిచాడు. ఆరు నెలలకు కాళ్లు పట్టేయడం, సూదుల మీద ఉండగా కళ్లు తిరగడం మొదలైంది. మళ్లీ డాక్టరమ్మే చూసింది. ఈసారి కండ పెరిగింది, అంకె పాతదే ఉంది, ఉండాల్సిన నీరు కూడా తీసేస్తున్నారు. 48ని 49న్నర చేసింది. డ్రై వెయిట్ రాతి మీద చెక్కిన అంకె కాదని మాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మనిషి మారినప్పుడల్లా అదీ మారాలి. ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. చివరి కందికొత్తలకు తన కాళ్ల మీద నడిచి వచ్చి, అందరితో కూర్చుని తిన్నాడు. మూడేళ్లు తక్కువని అనుకునేవాళ్లు ఆ జబ్బు ఇంట్లో లేనివాళ్లు.

పంతుళ్లుగా మనం ఏం చేయగలం? కండను కొలిచే యంత్రాలు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. మన దగ్గర దర్జీ టేపు ఉంది. అంగన్‌వాడీలో పిల్లల జబ్బ చుట్టుకొలత తీయడం మనమంతా చూసిందే. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఎరుపు. ఆ రంగులు చిన్నపిల్లలకే. కానీ ఆ ఉపాయం పెద్దలకూ పనికొస్తుంది. ఫిస్టులా లేని చేతికి, నెలకొకసారి, డయాలసిస్ అయ్యాక, ఒకే చోట కొలిచి నోటుపుస్తకంలో రాయాలి. ఒక్క కొలత ఏమీ చెప్పదు. వరసగా తగ్గుతుంటే అదే కబురు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా, పోయిన నెల ఎత్తిన బిందె ఈ నెల ఎత్తగలుగుతున్నారా అని కూడా రాయాలి. ఆ పుస్తకం పట్టుకుని కేంద్రానికి వెళ్లి, "అంకె అలాగే ఉంది, జబ్బ సన్నబడింది, డ్రై వెయిట్ మళ్లీ చూడండి" అని అడగాలి. మన పెద్దలు తెల్లకోటు ముందు నోరు విప్పరు. తెలుగులో అడగడమే కొందరికి కష్టం. చదువుకున్న మనవడో మనవరాలో పక్కన నిలబడి అడగవచ్చు.

పై తరగతుల్లో విసర్జన గురించి చెప్పేటప్పుడు డయాలసిస్ బొమ్మ వస్తుంది. గొట్టాలు గీయించి, పేర్లు రాయించి వదిలేయకండి. మీ ఊళ్లో ఆ గొట్టానికి రెండో చివర ఎవరున్నారో అడగండి. చెయ్యెత్తిన పిల్లకు ఒక టేపు, ఒక నోటుపుస్తకం ఇవ్వండి.