పూలు రాలిన చోట పుట్టిన ఇంటిపేరు

జపాన్‌లో వంద యెన్‌ల షాపుకి వెళ్తే ఒక మూల గుండ్రంగా తిరిగే స్టాండ్ కనిపిస్తుంది. మన దగ్గర కీచైన్లు వేలాడదీసినట్టు దాని నిండా వేలెడంత ముద్రలు. వాటిని హంకో అంటారు. మనం సంతకం పెట్టే చోట వాళ్ళు ఎర్ర సిరాలో అద్ది ఇంటిపేరు ముద్ర కొడతారు. ఈమధ్య కొంచెం తగ్గింది గానీ ఆ అలవాటు ఇంకా పోలేదు. సతో, సుజుకి, తకహషి, తనక... స్టాండ్ తిప్పుకుంటూ మన పేరు వెతుక్కుని, డబ్బులిచ్చి వచ్చేయడమే.

కోబె నగరానికి ఉద్యోగానికొచ్చిన కొత్తలో నేనూ సరదాకి ఆ స్టాండ్ మొత్తం తిప్పాను. ‘వానపల్లి’ దొరుకుతుందా మరి! పక్కనే ఉన్న సతో సాన్ పడీ పడీ నవ్వింది. సాన్ అంటే మన ‘గారు’ లాంటిది. ఆవిడ మా ఆఫీసులో నాకంటే పదేళ్ళు పెద్ద.

“పెళ్ళికి ముందు నాక్కూడా దొరికేది కాదు. ఇప్పుడు చూడు, ఏ షాపుకెళ్ళినా నా పేరుంటుంది” అంది. నవ్వుతూనే అంది గానీ చివర్లో గొంతు కాస్త తగ్గింది.

“అప్పుడు మీ పేరేంటి?” అని అడిగాను.

ఫోన్‌లో నాలుగు అక్షరాలు టైప్ చేసి చూపించింది. నాలుగు, నెల, ఒకటి, రోజు. అంటే ఏప్రిల్ ఒకటి! కానీ దాన్ని చదవాల్సింది ‘వతనుకి’ అని. వత అంటే దూది, నుకి అంటే తీసేయడం. పాత క్యాలెండర్‌లో నాలుగో నెల మొదటి రోజున చలికాలం బట్టల్లో కుట్టిన దూదిని తీసేసేవారట, ఇక ఎండలొచ్చేశాయని. రాసేది తేదీ, చదివేది ఆ రోజు చేసే పని. “స్కూల్లో ఏప్రిల్ ఫూల్ అని ఏడిపించేవాళ్ళు” అని చెప్పింది సతో సాన్. “మేమిద్దరం ఆడపిల్లలమే. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. మా ఇంట్లో ఆ పేరు ఇప్పుడు అమ్మానాన్నల దగ్గరే ఉంది.”

జపాన్‌లో ఇలాంటి పొడుపుకథ ఇంటిపేర్లు ఇంకా ఉన్నాయి. ‘చిన్న పక్షులు ఆడుకునేది’ అని రాసి ‘తకనషి’ అని చదువుతారు. తక అంటే డేగ, నషి అంటే లేదు. డేగ లేకపోతేనే కదా పిట్టలు హాయిగా ఆడుకునేది! ‘చందమామను చూసే పల్లె’ అని రాసి ‘యమనషి’ అని చదివే ఇంటిపేరు కూడా ఉంది. యమ అంటే కొండ. అడ్డంగా కొండ లేకపోతే చందమామ బాగా కనిపిస్తుంది. అంతే లాజిక్!

“మరి నీ పేరుకి అర్థమేంటి?” అని అడిగిందావిడ.

“వాన అంటే వర్షం, పల్లి అంటే ఊరు” అన్నాను.

సతో సాన్ కళ్ళు పెద్దవి చేసింది. “అయితే వర్షాకాలం రాగానే నువ్వు వెళ్ళాల్సిన చోటు ఒకటుంది. మన కోబెలోనే. అక్కడ పుట్టిన ఇంటిపేరు కూడా వానదే.”

ఆ పేరు ‘త్సుయురి’. డీమన్ స్లేయర్ చూసినవాళ్ళకి వెంటనే వెలిగి ఉంటుంది. అవును, సీతాకోకచిలుక క్లిప్పు పెట్టుకుని తిరిగే కనావో ఇంటిపేరే అది. అది రచయిత కల్పించిన పేరనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, నిజంగానే ఉన్న పేరు. చాలా అరుదైన పేరు.

రాయడానికి మూడు అక్షరాలు. చెస్ట్‌నట్, పువ్వు, రాలడం. చెస్ట్‌నట్ అంటే ముళ్ళ కాయలో ఉండే గోధుమ రంగు గింజ, చలికాలంలో వేడివేడిగా కాల్చి అమ్ముతారు. ఆ మూడు అక్షరాల్లో ‘త్సు’ లేదు, ‘యు’ లేదు, ‘రి’ కూడా లేదు. మరి ఆ చదవడం ఎక్కణ్నుంచి వచ్చింది? జపనీస్‌లో జూన్, జూలైలలో వచ్చే వానాకాలాన్ని ‘త్సుయు’ అంటారు. ఆ కాలంలోకి అడుగు పెట్టడాన్ని ‘త్సుయు-ఇరి’ అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చెస్ట్‌నట్ పూలు రాలతాయి. పూలు రాలాయంటే వానలొచ్చినట్టే. అందుకని రాసేది పూలు రాలడం, పలికేది వానాకాలం. ఇదే పేరుని త్సుయు అని, త్సుయిరి అని పలికే కుటుంబాలు కూడా ఉన్నాయి.

అసలు జపాన్‌లో అందరికీ ఇంటిపేర్లు వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. అంతకుముందు వాటిని అధికారికంగా వాడుకునే హక్కు ప్రధానంగా సమురాయ్‌లకు, పెద్ద కుటుంబాలకే ఉండేది. 1870లో మామూలు జనం కూడా పెట్టుకోవచ్చన్నారు. జనం పెద్దగా పట్టించుకోకపోయేసరికి 1875లో ప్రతి ఒక్కరికీ ఇంటిపేరు ఉండి తీరాలని ఆదేశించారు. అప్పటికే ఉన్న పేర్లను కొందరు బయటికి తీశారు, కొందరు ఊరి పేరో, పొలం గట్టు పేరో తగిలించుకున్నారు. ఇప్పుడు అక్కడ లక్షకు పైగా ఇంటిపేర్లు ఉన్నాయంటారు. ఒక్క సతోలే పద్దెనిమిది లక్షల మంది దాకా ఉంటారు. ఇంకోవైపు, ఒకటి రెండు ఇళ్ళకే మిగిలిపోయిన పేర్లు కూడా ఉన్నాయి.

ఇదంతా నేను ఎందుకింత శ్రద్ధగా విన్నానో చెప్పాలి. డిసెంబర్‌లో నా పెళ్ళి. పాస్‌పోర్ట్ రెన్యువల్ కూడా దగ్గర పడింది. అబ్బాయి వాళ్ళు మంచివాళ్ళు. కాబోయే అత్తగారు ఫోన్‌లో మెల్లగా అడిగారు, “ఎలాగూ రెన్యువల్ చేయిస్తున్నావు కదమ్మా, పెళ్ళయ్యాక మా ఇంటిపేరుతో చేయించేస్తే ఒక పనైపోతుంది” అని. అందులో తప్పేం లేదు. మా అమ్మా మార్చుకుంది, అక్కా మార్చుకుంది. అబ్బాయిని అడిగితే “నీ ఇష్టం” అన్నాడు. ఆ మాట వినడానికి బాగుంటుంది గానీ బరువంతా మన నెత్తినే పడుతుంది. నాన్న మాత్రం ఎప్పుడో ఒకసారి అన్నారు, “ఇద్దరూ ఆడపిల్లలే కదమ్మా, మన ఇంటివరకు ఈ పేరు మీతోనే ఆగిపోద్ది” అని. బాధగా కూడా అనలేదు, వాతావరణం గురించి చెప్పినట్టు అన్నారు. అందుకే మర్చిపోలేకపోయాను.

జూన్ రెండో వారంలో ఒక శనివారం బయల్దేరాను. కోబె అంటే మనకి ఓడరేవు, సముద్రం గుర్తొస్తాయి. కానీ నగరానికి వెనకాల గోడ కట్టినట్టు రొక్కో కొండలు ఉంటాయి. సన్నోమియాలో ట్రైన్ ఎక్కితే షిన్-కోబె దాటాక ఏడు కిలోమీటర్లకు పైగా సొరంగమే. ఫోన్‌లో నాలుగు రీల్స్ చూసేలోపు బయటికొస్తే అంతా మారిపోయి ఉంటుంది. అటు సముద్రపు నగరం, ఇటు పచ్చటి కొండల మధ్య పొలాలు. తనిగమిలో దిగి, కోబె ఎలక్ట్రిక్ రైల్వే చిన్న ట్రైన్ పట్టుకుంటే తర్వాతి స్టేషనే మినోతని. అక్కణ్నుంచి బస్సు. కిత వార్డులోని యమద అనే ప్రాంతం ఇది. పేరుకి కోబె సిటీనే గానీ చూడ్డానికి పల్లెటూరే. వరినాట్లు అయిపోయి మళ్ళల్లో నీళ్ళు తొణికిసలాడుతున్నాయి. సన్నగా వాన.

హరనో అనే చోట దిగి నడిచాను. ముందు కనిపించింది గుడి కాదు, వాసన వచ్చింది. చెస్ట్‌నట్ పువ్వు వాసన మల్లెపువ్వులా ఉంటుందని ఊహించుకోకండి. పచ్చిగా, ఘాటుగా, ముక్కు చిట్లించుకునేలా ఉంటుంది. పువ్వు కూడా పువ్వులా ఉండదు. పిల్లి తోకల్లా వేలాడే పసుపు కలిసిన తెల్లటి గుత్తులు. రాలి తడిసి రోడ్డు మీద గోధుమ రంగులో అతుక్కుపోయి ఉన్నాయి. గొడుగేసుకుని మడి గట్టు మీద నిలబడిన ఒక పెద్దావిడ నన్ను చూసి, నేను అడగకముందే చేత్తో దారి చూపించింది. ఈ వానలో ఒక ఇండియన్ అమ్మాయి ఇక్కడికి ఇంకెందుకొస్తుందని అనుకుని ఉంటుంది.

అక్కడున్నది ‘త్సుయు నో ఇ’. అంటే త్సుయు బావి. బావంటే మన గిలక బావి కాదు. ఒక చిన్న గుడి, రాళ్ళు పేర్చిన చిన్న నీటిగుంట. టికెట్ లేదు, సెల్ఫీ పాయింట్ లేదు. ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు. నేను గంటసేపున్నాను, కథ వల్ల.

ఎనిమిదో శతాబ్దం. జున్నిన్ చక్రవర్తి కాలం. ఈ యమద ఊరివాడు సనెకత్సు రాజధాని నారలో చిన్న ఉద్యోగి. పెద్ద మంత్రి ఫుజివర నో తొయొనరి కూతురు షిరతకి మీద మనసుపడ్డాడు. అంతస్తులో పొంతనే లేదు. ఆమె కూడా మొదట ఒప్పుకోలేదు. అయినా కవితలు రాసి పంపుతూనే ఉన్నాడు. చివరికి చక్రవర్తే కల్పించుకుని పెళ్ళి చేయించాడట. పల్లకీల్లో తిరిగిన అమ్మాయి ఈ కొండలు దాటి ఈ పల్లెకి కాపురానికి వచ్చింది. ఒక కొడుకు పుట్టాడు. కొన్నేళ్ళకే ఆమె చనిపోయింది. సనెకత్సు ఆమె సమాధి దగ్గర చిన్న గుడి కట్టాడు. ఏటా వానాకాలం మొదట్లో, చెస్ట్‌నట్ పూలు రాలే రోజుల్లో, అక్కడ నీళ్ళు ఊరేవట. ఎంత కరువొచ్చినా ఆగేవి కావట. అది చూసి అతను తన ఇంటిపేరునే త్సుయు అని మార్చుకున్నాడు. రాసేటప్పుడు ‘చెస్ట్‌నట్ పూలు రాలడం’ అని రాశాడు.

ఇది చరిత్రా, కట్టుకథా అని వాదించుకోవచ్చు. నన్ను ఆపేసింది అది కాదు. ఈ కథలో ఇంటిపేరు మారింది ఎవరిదో చూడండి. పెళ్ళి చేసుకుని వచ్చిన అమ్మాయిది కాదు. అబ్బాయిది. ఆమె పోయాక, ఆమె గుర్తుగా. అరుదైన పేరనగానే ఏ వీరుడిదో, ఏ యుద్ధానిదో అనుకుంటాం. ఇది ఒక భర్త దిగులు నుంచి వచ్చిన పేరు.

అదే దేశంలో ఇవాళ చట్టం ఏమంటుందో తెలుసా? పెళ్ళి చేసుకుంటే ఇద్దరికీ ఒకటే ఇంటిపేరు ఉండాలి. ఎవరిదైనా ఎంచుకోవచ్చని కాగితం మీద ఉంది. కానీ దాదాపు 95 శాతం జంటల్లో మార్చుకునేది అమ్మాయే. ఇది మార్చండని కొందరు కోర్టుకెళ్ళారు. సుప్రీంకోర్టు 2015లో ఒకసారి, 2021లో ఇంకోసారి ఈ చట్టం రాజ్యాంగానికి విరుద్ధం కాదనే చెప్పింది. అలా ఏటా సతోలు, సుజుకీలు పెరుగుతుంటే చిన్న పేర్లు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. సతో సాన్ గొంతు ఎందుకు తగ్గిందో అక్కడ నిలబడ్డాక అర్థమైంది. ఆవిడకీ, భర్తకీ పెళ్ళయ్యాక చట్టం ప్రకారం ఎవరి ఇంటిపేరు వాళ్ళు ఉంచుకునే దారే లేదు. నాకుంది. మన దగ్గర పెళ్ళయిందని ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం బలవంతం చేయదు. మార్చుకునేది అలవాటు కొద్దీ.

బస్‌స్టాప్‌లో కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను. కథంతా చెప్పాను.

“అయితే ఆ అబ్బాయి పెళ్ళాం పేరు పెట్టుకున్నాడా?” అన్నారు.

“పేరు కాదు నాన్నా, గుర్తు.”

కాసేపు ఏం మాట్లాడలేదు. “అక్కడ వాన పడతందా?” అన్నారు.

“పడుతోంది.”

“ఇక్కడా మృగశిర వచ్చేసింది. నిన్న చేపలు కూడా తెచ్చాను. చుక్క పడలేదింకా.”

“నాన్నా, పాస్‌పోర్ట్‌లో పేరు మార్చట్లేదు. అలాగే ఉంచుతున్నా. వాళ్ళతో నేను మాట్లాడతాను.”

“అబ్బాయికి ముందు చెప్పమ్మా” అన్నారు. ఇంకేం అనలేదు. కానీ ఫోన్ పెట్టేయకుండా ఆ బావి గురించి మళ్ళీ మొదట్నుంచి అడిగారు.

మీరు జపాన్ వస్తే, అదీ జూన్‌లో అయితే, ఒక పూట ఇటు రండి. పెద్ద టూరిస్ట్ స్పాట్ అనుకుని మాత్రం రాకండి, నిరాశపడతారు. మినోతని స్టేషన్‌కి దగ్గర్లోనే 1840లో కట్టిన పల్లెటూరి కబుకి నాటకాల వేదిక ఉంది, గడ్డికప్పుతో. ఇంకాస్త దూరం వెళ్తే సరస్సు పక్కన ‘వెయ్యేళ్ళ ఇల్లు’ అని పిలిచే హకోగి వాళ్ళ ఇల్లు ఉంది. జపాన్‌లో మిగిలి ఉన్న అతి పాత ఇళ్ళలో అదొకటి. గొడుగు, తడిసినా పర్లేదనుకునే బూట్లు తెచ్చుకోండి. ఇక్కడ షాపులు తక్కువ, తినడానికేదైనా సన్నోమియాలోనే కొనుక్కోండి.

సోమవారం ఆఫీసు అయ్యాక సతో సాన్ నన్ను చేత్తో ముద్రలు చెక్కే షాపుకి తీసుకెళ్ళింది. స్టాండ్‌లో దొరకని పేర్లవాళ్ళంతా అక్కడికే వస్తారు. పెద్దాయన నా పేరుని కతకన అక్షరాల్లో రాసి చూపించాడు. జపనీస్‌లో ‘ల’ లేదు కాబట్టి ‘వనపర్రి’ అయింది. పోనీలెండి, నాన్నకి చూపిస్తే నవ్వుకుంటారు.

“ఈ పేరు ఇప్పటివరకు ఎప్పుడూ చెక్కలేదు” అన్నాడాయన.

సతో సాన్ నా పక్కనే నిలబడి గోడ మీద నమూనా ముద్రలు చూస్తోంది. కాసేపయ్యాక, ఎప్పుడూ వాడే అవసరం లేకపోయినా, తనకీ ఒకటి ఆర్డర్ ఇచ్చింది. నాలుగు, నెల, ఒకటి, రోజు.