తార్, పతా, పక్క దర్వాజా

పిల్లల్ని తాలీమ్ కోసం బయటి ములక్‌కు పంపేటప్పుడు మన ఇళ్లలో సూట్‌కేసు సర్దడం శాదీ సామాను సర్దినంత పని. మా ఆపా కూతురు జర్మనీ పోయేటప్పుడూ అదే తమాషా. అచార్ డబ్బా, అల్లం వెల్లుల్లి పేస్టు, గరం మసాలా, కుక్కర్, జానిమాజ్, రజాయి. కాంటా మీద పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. అన్నీ అయ్యాక ఆ పిల్ల ఒక నీలం రంగు వైరు చుట్ట తెచ్చి మూలన కుక్కింది.

"హాస్టల్లో వైఫై ఉండదంట మామూ. గోడకు తార్ పెట్టుకోవాలంట" అంది.

జర్మనీలో వైఫై లేకపోవడమేంటని దూల్హాభాయ్ నవ్వారు. కానీ అది నిజమే. అక్కడి పాత స్టూడెంట్ హాస్టళ్లలో చాలాచోట్ల కమ్రాలో గోడకు ఒక సాకెట్ మాత్రం ఇస్తారు. కేబుల్ మనదే. వైఫై కావాలంటే రౌటర్ కూడా మనమే కొనుక్కోవాలి. కొన్ని హాస్టళ్లలో రౌటర్ పెట్టడానికి ఇజాజత్ కూడా ఉండదు.

ఈ తార్ సంగతి ఇంత వివరంగా రాయడానికి ఒక వజా ఉంది. మా ఆపా మామగారు, అంటే ఆ పిల్ల దాదా, ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు: రోజూ ఇషా నమాజు అయ్యాక మొహం చూపిస్తూ ఫోన్ చేయాలి. ఒక్క రోజు తప్పినా వాపస్ పిలిపిస్తానన్నారు. ఉత్తి ధమ్‌కీ కాదు, ఆయన మాటంటే మాటే. ఆయన జవానీలో కువైట్‌లో పదకొండేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. ఆ రోజుల్లో మా రాయచోటి, కడప వైపు నుంచి గల్ఫ్ పోయినవాళ్ల ఖైరియత్ ఖత్‌లో వచ్చేది, లేదా సెలవు మీద వచ్చే ఎవరి చేతో పంపిన క్యాసెట్‌లో వినిపించేది. ఒక్కో ఖత్‌కు వారాలు పట్టేది. ఆయన్ను ఎవరూ రోజూ మొహం చూపించమనలేదు. ఈ మాట నేను ఆయనతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

పిల్ల వెళ్లిన మూడో వారానికే మసలా మొదలైంది. గోడ సాకెట్ నుంచి నెట్ ఒక్క రోజు కూడా రాలేదు. అప్పటిదాకా మొబైల్ డేటాతోనే నెట్టుకొచ్చింది. ఆ బిల్డింగ్ మందపాటి కాంక్రీటు, లోపల సిగ్నల్ అంతంతమాత్రం. ప్రీపెయిడ్ డేటా నెల మధ్యలోనే ఖాళీ అయ్యేది. కాల్ కలవడం, మొహం ఆగిపోవడం, కట్ అవడం. "కైకు కట్ హోరా ఫోన్?" అని దాదా, "దేఖే, మై బోలీ నా" అని ఆపా అత్తగారు. ఆపా నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నెట్ గురించి కాదు. పిల్లను వెనక్కి పిలిచే బాత్ ఇంట్లో నిజంగా మొదలైందని.

నేను ఇంజనీరును కాను. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసి పేపర్లో చేరినవాణ్ని. కానీ జిల్లా ఆఫీసులో రాత్రి ఎడిషన్ టైముకు పేజీలు పోకపోతే గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. మా ఆఫీసుకు కేబుల్ బాగు చేయడానికి వచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. మనం ఎంత కంగారు పడ్డా ఆయన మొదటి సవాల్ ఎప్పుడూ ఒకటే: "లైటు వెలుగుతోందా?" కంప్యూటర్ స్క్రీన్ వైపు చూసేవారే కాదు. వంగి, వైరు దూర్చిన రంధ్రం పక్కన చిన్న దీపం ఉందా లేదా చూసేవారు. అది లేకపోతే మిగతా మాటలన్నీ ఫుజూల్.

నా డ్యూటీ అయ్యేసరికి రాత్రి పదకొండున్నర. అక్టోబర్‌లో జర్మనీ మనకంటే మూడున్నర గంటలు వెనక, అంటే అక్కడ ఎనిమిది. పది దాటితే అక్కడ శబ్దం చేయకూడదు, ఖామోషీ వేళ. అంటే మాకున్నది రెండు గంటలు.

"బేటా, లైటు వెలుగుతోందా?"

ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లకు ఆ వైరు రంధ్రమే ఉండదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టర్ కొనుక్కుంది. దాని మీద దీపం ఉంది, కానీ వెలగట్లేదు. గోడ సాకెట్‌లో రెండు రంధ్రాలున్నాయి. రెండోది చూడమన్నాను. ఇలాంటి చోట్ల రెండింటిలో ఒకటే కింద నేలమాళిగలో ఉన్న స్విచ్ దాకా కలిపి ఉండటం మామూలే. రెండోదీ చీకటే. ఇక మిగిలింది కేబుల్, లేదా గోడ, లేదా అడాప్టర్. మూడింటినీ ఒకేసారి అనుమానిస్తే ఏదీ తేలదు. ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు.

"పక్క కమ్రా వాళ్ల కేబుల్ ఒకసారి అడిగి తీసుకో."

అవతల ఖామోషీ. తర్వాత చిన్న గొంతు. "నక్కో మామూ. రేపు కొత్తది కొనుక్కుంటా."

కొత్త కేబుల్ ఖరీదు పెద్ద లెక్క కాదు. కానీ నాకు అప్పుడు అర్థమైంది, మూడు వారాల్లో ఆ పిల్ల ఆ వరండాలో ఒక్క దర్వాజా కూడా కొట్టలేదు. కిచెన్‌లో ఎవరూ లేని వేళ చూసి వండుకుని, ప్లేటు కమ్రాలోకి తెచ్చుకుని తింటోంది. తన హిజాబ్ చూసి ఏమనుకుంటారో, తన ఇంగ్లీషు విని ఏమనుకుంటారో అని. ఇంట్లోవాళ్లకు ఇవేవీ చెప్పలేదు, చెబితే వాపస్ రమ్మంటారని. ఫోన్ కట్ అవడం కంటే ఇది పెద్ద బీమారీ అనిపించింది. కానీ దాని మీద తఖ్రీర్ చేస్తే పని కాదు. "కొత్త కేబుల్ పనిచేయకపోతే అప్పుడు గోడను అనుమానించాలా, అడాప్టర్‌నా? ఇప్పటికే ఎవరి దగ్గరో చక్కగా నడుస్తున్న తార్ కావాలి మనకు" అన్నాను. ఇది అబద్ధం కాదు. పనిచేస్తుందని తెలిసిన వస్తువుతోనే తెలియనిదాన్ని పరీక్షించాలి.

ఫోన్ మంచం మీద పెట్టి వెళ్లింది. సీలింగ్ చూస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. తర్వాత ఇద్దరి గొంతులు. పక్క కమ్రాలో కొలంబియా నుంచి వచ్చిన అమ్మాయి, తన కేబుల్ పీక్కుని తానే వచ్చింది. అది పెట్టగానే దీపం వెలిగింది.

అంటే మా నీలం చుట్ట ఖరాబ్. ఆ తార్ లోపల ఎనిమిది సన్న తీగలు జతలు జతలుగా మెలి తిరిగి ఉంటాయి. చివర ప్లాస్టిక్ ముక్కలో అవి వరసగా కూర్చోవాలి. బజారులో చేత్తో బిగించి అమ్మే చుట్టల్లో ఒక తీగ సరిగా దిగకపోయినా, పైనున్న చిన్న నాలుక విరిగినా అంతే. నాలుగు తీగలతో వంద మెగాబిట్ల దాకా నడుస్తుంది, గిగాబిట్ కావాలంటే ఎనిమిదీ పలకాలి. సూట్‌కేసు సర్దే అమ్మీలకు నా మనవి: తార్ పెడితే కంపెనీలో బిగించినది పెట్టండి, పెట్టేముందు ఇంట్లో ఒకసారి లైటు వెలిగించి చూడండి.

దీపం వెలిగింది కానీ నెట్ రాలేదు. రెండో సవాల్: మెషిన్‌కు పతా దొరికిందా? కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలపగానే అది ఒక కేక వేస్తుంది, నాకో పతా ఇవ్వండి అని. అవతల సర్వర్ ఇస్తుంది. ఎవరూ జవాబ్ ఇవ్వకపోతే తనకు తానే ఒక పతా పెట్టుకుంటుంది, అది 169.254తో మొదలవుతుంది. ఆ అంకెలు కనిపిస్తే అర్థం ఒకటే: తార్ బాగుంది, మనల్ని పలకరించేవాడు లేడు. మా పిల్ల స్క్రీన్ మీద సరిగ్గా అవే అంకెలు.

ఆ కొలంబియా అమ్మాయే తన ల్యాప్‌టాప్ తెచ్చి అదే గోడకు, అదే తార్‌తో పెట్టింది. నిమిషంలో నెట్ వచ్చింది. గోడ బేకసూర్. తకరార్ మా మెషిన్‌తోనే.

హాస్టల్‌లో చేరినప్పుడు ఒక ఫారం నింపించుకున్నారు, అందులో కంప్యూటర్ ఫిజికల్ అడ్రస్ రాయాలి. ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఫ్యాక్టరీలోనే ఇచ్చే పన్నెండు అక్షరాల నంబర్ అది. ఆ నంబర్ జాబితాలో ఉంటేనే ఆ హాస్టల్ సర్వర్ జవాబిస్తుంది. పిల్ల ఫారంలో రాసింది ల్యాప్‌టాప్ లోపలి వైఫై నంబర్. కానీ తార్ తగిలింది అడాప్టర్‌కు. దాని నంబర్ వేరే. పాస్‌పోర్టు ఒకరిది, ఇమిగ్రేషన్ కిటికీ ముందు నిలబడింది ఇంకొకరు. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ అని కొట్టించి, వచ్చిన లిస్టులో అడాప్టర్ పేరు కింద ఉన్న నంబర్ రాయించి, ఆ రాత్రే హాస్టల్ ఆఫీసుకు మెయిల్ పెట్టించాను. అది గురువారం. జవాబ్ సోమవారం వచ్చింది. జర్మనీ హడావిడి పడే దేశమని ఎవరన్నారో గానీ.

ఆ మధ్య రోజుల్లో కాల్ పక్క కమ్రా నుంచి జరిగింది. శుక్రవారం రాత్రి దాదా స్క్రీన్ మీద మనవరాలి పక్కన ఇంకో మొహం. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఆ పిల్ల ఎవరు, వాళ్ల అబ్బా ఏం చేస్తారు, ఎంతమంది తోబుట్టువులు అని వరసగా అడిగారు. అటునుంచి ఇంగ్లీషులో జవాబులు, మధ్యలో మా పిల్ల తర్జుమా. వాళ్ల నాన్న బస్సు డ్రైవరట. దాదా కూడా కువైట్‌లో నడిపింది బస్సే. ఆ రాత్రి కాల్ యాభై నిమిషాలు సాగిందని ఆపా చెప్పింది.

సోమవారం నెట్ వచ్చింది. నవంబర్‌లో ఒక సాయంత్రం మళ్లీ పోయింది, ఈసారి ఫ్లోర్ మొత్తానికి. నాకు కాల్ రాలేదు, మెసేజ్ వచ్చింది: "లైటు ఉంది. పతా ఉంది, కానీ 192.168తో మొదలైతోంది. మాకు రావాల్సింది అది కాదు." చదివి నవ్వుకున్నాను, రిపోర్టర్ తయారైంది. ఆ అంకెలు సాధారణంగా ఇంటి రౌటర్లు పంచేవి. ఎవరో కొత్త రౌటర్ తెచ్చి గోడ తార్‌ను తప్పు రంధ్రంలో పెట్టారన్నమాట. బయటి లైను కోసం రౌటర్‌కు వేరే రంధ్రం ఉంటుంది. దాన్ని వదిలి ఇంట్లోవాటికి ఇచ్చే రంధ్రాల్లో పెడితే, ఆ రౌటర్ తానే సర్వర్‌ననుకుని ఫ్లోర్ అంతటికీ దొంగ పతాలు పంచుతుంది. స్విచ్‌లో దీన్ని ఆపే ఏర్పాటు చేసుకోవచ్చు, అక్కడ చేసినట్టు లేదు. రౌటర్ పతాను బ్రౌజర్లో కొట్టి చూడమన్నాను. దాని కంపెనీ పేరు తెర మీద వస్తుంది. ఇక ఆ డబ్బా ఎవరి కమ్రాలో ఉందో వెతకడమే.

పద్నాలుగు కమ్రాల ఫ్లోర్ అది. తొమ్మిదో దర్వాజా దగ్గర దొరికింది. అంతకుముందు వారమే వచ్చిన కుర్రాడు, ఏం జరిగిందో అతనికే తెలియదు. తార్ తీసి పక్క రంధ్రంలో పెట్టి వచ్చింది.

ఆ రోజు ఇంటికి కాల్ గంటన్నర లేటు. ఇంతసేపు ఎక్కడున్నావని దాదా అడిగారు. ఇంటింటికీ తిరిగి దర్వాజాలు కొట్టి వచ్చానని చెప్పింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి దొరికిందా?" అని అడిగారు.