తినడానికీ కాదు, పూజకీ కాదు

ఇంగ్లండులో తెలుగువాళ్ల పెరడంటే వంటింటికి కొనసాగింపే. గోంగూర ఒక మడి, మెంతికూర ఒక తొట్టి, కంచెకు పాకించిన సొరతీగ, కిటికీ గట్టు మీద కుండీలో మూలుగుతూ బతికే కరివేపాకు. పక్కనే దేవుడికని నాలుగు బంతి మొక్కలు. ఆగస్టులో ఎవరింటికి వెళ్లినా వచ్చేటప్పుడు చేతిలో ఓ సొరకాయ పెట్టి పంపుతారు. ఇందులో నేను తప్పు పట్టేదేమీ లేదు, ఆ సొరకాయలు నేనూ తెచ్చుకుంటాను. కానీ మా ఇంటికి వచ్చినవాళ్లు పెరట్లోని అరటినీ, నల్ల చేమనూ, మెట్టతామరనూ, కోలియస్‌నూ ఓసారి కలయజూసి, కాయలేమైనా ఉన్నాయా అని ఆకుల కిందకు వంగి చూసి, చివరికి అడిగేస్తారు: "ఇవన్నీ ఎందుకండీ?" తినడానికీ పనికిరావు, పూజకీ పనికిరావు. ఆకు చూసుకోవడానికండీ అంటే ఎవరూ నమ్మరు. ఏదో దాస్తున్నానన్నట్టు చూస్తారు.

మేముండేది రెడింగ్‌లో, వరస ఇళ్లలో ఒక ఇల్లు. పెరడు చిన్నది, మూడు పక్కలా నిలువెత్తు చెక్క కంచె. ఆ కంచె వల్లే ఈ తోట సాధ్యమైంది. వేడిదేశాల మొక్కలకు ఇక్కడ చలే శత్రువనుకుంటారు గానీ, వేసవిలో వాటిని ఏడిపించేది గాలి. అరటాకు ఈనెల వెంట చీలిపోయి గాలికి దారి వదులుతుంది, అందుకే చెట్టు నిలబడుతుంది. చెట్టుకు అది మంచిదే. ఆకు అందం కోసమే పెంచుకునేవాళ్లకు మాత్రం జూలైకల్లా పీలికలే మిగులుతాయి. కంచె మూలన నాటితే సెప్టెంబరు దాకా ఆకు ఆకులా ఉంటుంది.

నా దగ్గరున్నది మూసా బస్జూ అనే రకం. ఇక్కడ జపాన్ అరటి అంటారు, పుట్టిల్లు మాత్రం దక్షిణ చైనా. కాయ కాసినా తినేందుకు అందులో గింజలు తప్ప ఏమీ ఉండదు. కానీ దుంప మహా మొండిది. పైన కాండం మంచుకు మెత్తబడి కూలిపోయినా, మట్టిలోంచి మళ్లీ మొలక లేస్తుంది. "ఎందుకండీ" అని అడిగేవాళ్లకు నేనిచ్చే ఒకే ఒక్క లౌకికమైన జవాబు కూడా ఈ అరటిదే: భోజనం ఆకు. అయితే దానికీ ఒక తిరకాసుంది. ఉగాదినాటికి మా అరటి ఇంకా కప్పుకున్న గడ్డిలోంచి తల ఎత్తుతూ ఉంటుంది, ఒక్క ఆకూ దొరకదు. శ్రావణ శుక్రవారానికీ, వినాయక చవితికీ మాత్రం కోసినకొద్దీ ఆకులే. ఇంగ్లండు వాతావరణానికి మన పండగల్లో రెండో సగమే తెలుసు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది చేమ. గార్డెన్ సెంటరులో 'బ్లాక్ మ్యాజిక్' అని ఒక మొక్క అమ్ముతారు, ఊదా కలిసిన నల్లటి పెద్ద ఆకులు. దానికి పెట్టే డబ్బుతో ఇండియన్ షాపులో ఇంటిల్లిపాదికీ వారం రోజులు పులుసుకు సరిపడా చేమదుంపలు వస్తాయి. తమాషా ఏమిటంటే రెండూ ఒకే జాతి, కొలొకేసియా ఎస్కులెంటా. ఆ షాపు దుంపల్లోంచే ముక్కు చెడకుండా గట్టిగా ఉన్నవి నాలుగు ఏరి, మార్చిలో కుండీలో పెట్టి, ఇంట్లో బాయిలర్ ఉన్న అలమరలో వెచ్చగా ఉంచండి. మొలక కనిపించగానే కిటికీ దగ్గరకు మార్చండి. రంగు పచ్చగానే ఉంటుంది గానీ, నీళ్లు తగినన్ని పోస్తే ఆగస్టుకల్లా ఆకు చేటంత అవుతుంది. పొద్దున్నే చూస్తే ఆకు కొసన నీటిబొట్టు వేలాడుతుంటుంది. అది మంచు కాదు, రాత్రి వేళ్లు తాగిన నీళ్లలో ఎక్కువైనదాన్ని ఆకే కొసలోంచి బయటికి వదిలేస్తుంది. నల్ల చేమ ఆకుతో పులుసు పెట్టొచ్చుగా అని అడిగినవాళ్లున్నారు. చేమలో ఏ రకానికైనా పచ్చి ఆకులో కాల్షియం ఆగ్జలేట్ సూదులుంటాయి, నోరూ గొంతూ దురద పుడతాయి. అందం కోసం అమ్మే మొక్కను వంటింట్లోకి తేవద్దు.

పసుపు కొమ్ము కూడా అంతే. షాపులో పచ్చి పసుపు కొని కుండీలో పెడితే మెట్టతామరను పోలిన ఆకులు వస్తాయి, నలిపితే వాసనే వేరు. నిజామాబాద్ రైతు చూస్తే నవ్వుతాడు, దిగుబడి ఇక్కడ లెక్కలోకి రాదు. రాకపోతే పోనీ!

ఆముదం సంగతి చెప్పాలి. మా అమ్మ నల్లగొండ జిల్లా మనిషి, ఆముదం చేలల్లో పెరిగింది. ఓ వేసవి ఇక్కడికి వచ్చినప్పుడు దగ్గర్లోని పార్కుకు తీసుకెళ్లాను. గుండ్రటి పూలమడి, చుట్టూ బంతులు, నట్టనడుమ ఎర్రటి ఆకులతో నిలువెత్తు ఆముదం మొక్కలు. అమ్మ ఆగిపోయింది. "గిదేంది బిడ్డా, ఆముదం చెట్టుకు గింత మర్యాదనా?" అని, మడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గెలలు ముదిరాయా లేదా చూసి మరీ కదిలింది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మన సామెత. ఇక్కడ ఓక్ చెట్లున్నాయి, బీచ్ చెట్లున్నాయి, వాటి పక్కన కూడా దాన్ని పిలిచి పీట వేశారు. 'కార్మెన్సిటా' అనే ఈ ఎర్ర రకం విత్తనాలు ఏప్రిల్‌లో ఇంట్లో మొలకెత్తిస్తే ఆగస్టుకు మనిషి ఎత్తు దాటుతుంది, మొదటి మంచుకు చస్తుంది. గింజల్లో రిసిన్ ఉంటుంది, అది ప్రాణాంతకమైన విషం. పిల్లలు తిరిగే ఇల్లయితే గెల రాగానే కోసేయాలి. ఎర్ర గెలలు అందంగా ఉంటాయని ఉంచేస్తారు కొందరు, నేను ఉంచను.

ఈ దేశానికి ఈ పిచ్చి కొత్తది కాదు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున బ్యాటర్సీ పార్కు 1858లో తెరిచారు. దాని సూపరింటెండెంటు జాన్ గిబ్సన్ 1860లలో అక్కడ ఉష్ణదేశాల ఆకుల కోసమే ఒక తోట వేశాడు. అరటి, మెట్టతామర, చెట్లంత ఫెర్న్‌లు వేసవి రాగానే గాజుగదుల్లోంచి బయటికి తెచ్చి గడ్డి మధ్యలో నాటించేవాడు. కర్మాగారాల పొగలో బతికే కూలీ జనం ఆదివారం పూట వచ్చి వాటిని చూసేవారు. ఈ గిబ్సన్‌కు మన దేశం బాగా తెలుసు. కుర్రవాడిగా ఉన్నప్పుడు, 1835లో, డెవన్‌షర్ డ్యూకు అతన్ని మొక్కల కోసం కలకత్తా పంపాడు. అతను ఖాసీ కొండలు తిరిగి, ఆర్కిడ్లు ఓడకెక్కించి, 1837లో వెనక్కి వచ్చాడు. గాజు మీద పన్ను 1845లో ఎత్తేశాక గాజుగదులు చౌకయ్యాయి, వాటిని వెచ్చబెట్టడానికి బొగ్గుకు కొదవ లేదు. అందులో సామ్రాజ్యపు డాబు లేదని నేననను. మేం ఎక్కడెక్కడివి తెచ్చామో చూడండని చూపించుకోవడమే సగం ఉద్దేశం. అయినా ఆదివారం కూలీ కళ్లకు ఒక పెద్ద ఆకు దొరికింది, అది చిన్న విషయం కాదు.

తర్వాత ఆ మోజు తగ్గింది. గులాబీలూ, లేత రంగుల పూలూ మర్యాదస్తుల అభిరుచి అయ్యాయి. మళ్లీ ఆకును నిలబెట్టిన వాళ్లలో నాకు ఇష్టమైనవాడు క్రిస్టఫర్ లాయిడ్. ఈస్ట్ ససెక్స్‌లో గ్రేట్ డిక్స్‌టర్ ఆయన ఇల్లు. అక్కడ వాస్తుశిల్పి లట్యన్స్ గీసిన గులాబీ తోట ఒకటుండేది, ఢిల్లీలో మన రాష్ట్రపతి భవన్ కట్టిన లట్యన్సే. 1993లో, డెబ్బై దాటిన వయసులో, లాయిడ్ ఆ గులాబీలన్నీ పెకలించి అరటి, మెట్టతామర, ఆముదం, డాలియాలు నాటించాడు. ఏళ్ల తరబడి గులాబీలే పెరిగిన నేల ఇక గులాబీలకు పనికిరాకుండా పోవడం ఒక కారణం, ఆయనకు విసుగు పుట్టడం ఇంకో కారణం. పెద్దమనుషులు నొచ్చుకున్నారు. ఆయన 2006లో పోయాడు, తోట ఉంది, చూడాలంటే ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో వెళ్లాలి. ఆకుల మధ్య దారి కనిపించదు. తినడానికా, పూజకా అని అక్కడ ఎవరూ అడగరు.

"మన ఊరి మొక్కలు చూస్తే ప్రాణం లేచొస్తుంది కదా" అని ఓదార్పుగా అనేవాళ్లు మరో రకం. నా తోట బెంగ తీర్చుకునే తోట కాదు. నిజానికి వీటిలో మన ఊరివి ఎన్ని? నేను పెంచే కలాడియం దక్షిణ అమెరికాది. మెట్టతామర శాస్త్రీయ నామంలో 'ఇండికా' ఉన్నా పుట్టింది అమెరికా ఖండంలోనే. నల్లగొండలో మా ఇంటి గేటుకు అటూ ఇటూ ఉన్న క్రోటన్లు కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చినవి, అక్కడికి వాటి పూర్వీకులు ఇండోనేషియా మలుకు దీవుల వైపు నుంచి ఓడల్లో వచ్చినవి. వచ్చిన చోటల్లా సొంత ఊరిలా ఉండిపోయాయి. ఇంగ్లండులో మాత్రం క్రోటన్‌ను బయట పెట్టే ఆశ వదులుకోవాలి. రాత్రి చలి కాస్త పెరిగితే చాలు, ఆకులన్నీ రాల్చి కర్రలా నిలబడుతుంది. నేను దాని జోలికి పోను.

ఇక్కడ ఆకుల తోటంటే అసలు పని చలి నుంచి కాచుకోవడంలో ఉంటుంది. ఏప్రిల్‌లో ఓ వారం ఎండ కాయగానే గార్డెన్ సెంటర్లు కలాడియంలూ కోలియస్‌లూ బయట పేర్చేస్తాయి. అవి చూసి కొని నాటితే, మే మధ్యలో ఒక్క రాత్రి మంచుతో అన్నీ నల్లబడతాయి. మంచు పడకపోయినా, పది డిగ్రీల కింద వీటి వేళ్లు పనిచేయవు. తడి మట్టిలో ముడుచుకుని కుళ్లుతాయి. ఈ దేశంలో చలి కన్నా చలితో కూడిన తడే ఎక్కువ మొక్కల్ని చంపుతుంది. జూన్ మొదటి వారం దాకా ఆగినవాళ్లకు నష్టం లేదు. అప్పుడు పగలు పదహారు గంటలకు పైనే, ఎండ తక్కువైనా వెలుతురు ఎక్కువ, మొక్క పరుగులు తీస్తుంది. నత్తలు కూడా అప్పుడే పరుగులు తీస్తాయి. మెట్టతామర ఆకు చుట్టగా ఉన్నప్పుడే కొరికి పోతాయి, ఆకు విచ్చుకున్నాక చూస్తే వరసగా చిల్లులు. మెటల్డిహైడ్ గుళికలు 2022 నుంచి ఇక్కడ నిషేధం, ముళ్లపందులకూ పక్షులకూ హాని అని. మంచి నిర్ణయమే. రాత్రి టార్చి పట్టుకుని ఏరడం నాకు అలవాటైపోయింది.

అక్టోబరులో తిరుగు ప్రయాణం. ఇంగ్లీషు చలికాలాన్ని ఏ మొక్క ఎంత ఓర్చుకుంటుందో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ హెచ్1 నుంచి హెచ్7 దాకా మెట్లు కట్టింది. నా మొక్కల్లో చాలావరకు ఆ మెట్లలో అడుగునే ఉంటాయి. మెట్టతామరను మొదటి మంచుకు ఆకులు నల్లబడ్డాక కోసి, దుంప తవ్వి షెడ్డులో దాస్తాను. చేమను అంతకు ముందే తవ్వాలి. కలాడియం దుంపలు మరీ సుకుమారం, పొడి మట్టిలో పెట్టి ఇంట్లోనే ఉంచాలి. అరటి కాండం చుట్టూ కోళ్ల కంచె తీగ బిగించి, లోపల ఎండుగడ్డి కూరి, వాన నీళ్లు మొవ్వులోకి దిగకుండా పైన మూత పెడతాను. పక్కింటి ఇంగ్లీషు పెద్దాయన ఏటా అదే మాటంటాడు, ఈ ఏడు కూడా ఎవరినో కట్టేశారే అని. మా ఆయన లెక్క వేరు. దుంపలు మేడమీది చిన్నగదికి చేరాక ఆ గదికి హీటరు పెట్టాల్సి వస్తుంది కదా, కరెంటు బిల్లు కాగితం తెచ్చి నా ముందు పెడతాడు.

2022ను ఇక్కడి తోటమాలులు మరిచిపోరు. జూలై 19న లింకన్‌షర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది, బ్రిటన్ చరిత్రలో అంత వేడి ఎన్నడూ లేదు. పచ్చికలన్నీ గోధుమరంగుకు మారాయి, స్నానం చేసిన నీళ్లు బకెట్లతో మోసి పోస్తే మా చేమ మాత్రం రామగుండం ఎండనుకుందో ఏమో విజృంభించింది. అదే ఏడాది డిసెంబరులో వారానికి పైగా గడ్డకట్టే చలి. ఏళ్లుగా వీధుల్లో నిలదొక్కుకున్న కార్డిలైన్ చెట్లు చాలా ఊళ్లలో మెత్తబడి వేలాడిపోయాయి. దేశం వేడెక్కుతోంది కదా, ఇక ఏదైనా బయటే బతుకుతుందని చెప్పేవాళ్ల మాట నేను వినను. సగటు పెరిగితే మొక్క బతకదు, ఒక్క చెడ్డ రాత్రి గడిస్తే బతుకుతుంది.

చివరగా ఒక విన్నపం. ఊరి నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య దుంపలూ, కొమ్మలూ, వేళ్లతో మొక్కలూ చుట్టి తేవద్దు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే మొక్కలు తేవడం చట్టవిరుద్ధం. విమానాశ్రయంలో దొరకకపోయినా మట్టితో పాటు వచ్చిన పురుగో, తెగులో ఎవరి తోటలో పడుతుందో తెలియదు. చేమ, పసుపు ఇక్కడి కొట్లోనే దొరుకుతాయి. బస్జూ అరటి, మెట్టతామర ఏ నర్సరీలోనైనా ఉంటాయి. కోలియస్‌కైతే డబ్బే అక్కర్లేదు, మా వైపు ఉండేవాళ్లు సెప్టెంబరులో వచ్చి కొమ్మ తుంచుకుపోండి. గ్లాసుడు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు దిగుతాయి.